మూసుకోవడం మరిచిన గుల్ల

యంత్రాలు అబద్ధం చెప్పవని నమ్మేవాళ్ళని ఒకసారి మా ల్యాబుకి తీసుకురండి. ఒక్క పూటలో ఆ జబ్బు కుదిర్చి పంపిస్తాను. ఫ్యాక్టరీల మురుగునీటిని కొలిచి నమోదు చేసే పరికరాలను పరీక్షించడం నా ఉద్యోగం. ఇంకా సూటిగా చెప్పాలంటే, వాటిని ఎన్ని రకాలుగా మోసం చెయ్యొచ్చో కనిపెట్టడం నా ఉద్యోగం. అందుకే మూలగెడ్డపాలెం తుపాను షెల్టరులో ఊరంతా కూర్చున్న రోజు, ముగ్గురు అమ్మకందార్లు మూడు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టగానే అందరి చూపులూ నా మీదికే వచ్చాయి.

ఆ ఊరు మాదే. నేను మైలపల్లి నూకరత్నాన్ని. అమ్మ, తమ్ముడు ఎల్లాజి అక్కడే ఉంటారు. గెడ్డ వెళ్ళి సముద్రంలో కలిసే మొగ దగ్గర వల వేసి బతికే ఇల్లు మాది. ఎగువన మందుల కంపెనీ వచ్చాక దాని గొట్టం ఒకటి మా గెడ్డలోకి దిగింది. ఊరు ఫిర్యాదు పెట్టింది, కంపెనీ కాదంది, చివరికి అధికారులు ఒక రాజీ కుదిర్చారు. గొట్టం మూతి దగ్గర నీటిని నమోదు చేసే పరికరం ఒకటి పెట్టాలి. దాన్ని ఊరే ఎంచుకోవాలి. ఏడాదిలో నీళ్ళు చెడ్డవని తేలితే గొట్టం మూసేస్తారు. మంచివని తేలితే కంపెనీకి శాశ్వత అనుమతి, ఊరి ఫిర్యాదు కొట్టివేత, ఇక మళ్ళీ నోరెత్తే హక్కు ఉండదు. పరికరంలో నమోదైనదే సాక్ష్యం. మనుషుల మాట, చేపల చావు లెక్కలోకి రావు.

మొదటి పెట్టెలో కలం ఒకటి కాగితం మీద గీత గీస్తూ పోతుంది. చాలా పాతకాలపు పద్ధతి, ఎవరికైనా అర్థమవుతుంది. నేను కలం కింద అగ్గిపుల్ల ఒకటి దోపాను. మురుగునీళ్ళ బక్కెట్టులో పరికరం మునిగి ఉండగానే గీత తిన్నగా, బుద్ధిగా సాగిపోయింది. జనం గొల్లున నవ్వారు. రెండోది కంప్యూటరు పెట్టె. రహస్య సంకేతం లేనిదే అంకె మారదని తెచ్చినాయన గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. ఆ సంకేతం వాళ్ళు ఇచ్చిన పుస్తకం చివరి పేజీలోనే అచ్చయి ఉంది, దాంతోనే అంకె మార్చి చూపించాను. మూడోది అన్నిటికన్నా గొప్పది. కొలిచిన ప్రతి అంకెనూ ఆ క్షణమే ఉపగ్రహానికి పంపేస్తుందట, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టలేరట. నేను మధ్యలో చెయ్యి పెట్టలేదు. దాని కొసను మురుగు బక్కెట్టులోంచి తీసి నా మంచినీళ్ళ గ్లాసులో పెట్టాను. గ్లాసు కబురు శుభ్రంగా ఉపగ్రహం దాకా వెళ్ళింది.

వెనక వరసలోంచి దానమ్మ లేచింది. ఎండుచేపలు అమ్మే దానమ్మకు మా ఊళ్ళో ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

"ఒలే రత్నం, ఈ పెట్టెలన్నీ ఎందుకే? ఆ మేనేజరుబాబుని రోజూ పొద్దున్నే గొట్టం నీల్లతో మొకం కడుక్కోమను. ఆ మొకమే మనకి మిసను!"

షెల్టరు దద్దరిల్లేలా నవ్వారు. ముందు వరసలో కూర్చున్న కంపెనీ మేనేజరు కూడా నవ్వి, "అలాగే పెద్దమ్మా" అన్నాడు. ఆ నవ్వులు సద్దుమణిగాక మా ల్యాబులో నాకు పని నేర్పిన డాక్టర్ ఇందుమతి మేడమ్ లేచి, తన గాజు జాడీని బల్ల మధ్యలో పెట్టారు.

జాడీలో రెండు చిప్పల నల్లగుల్ల ఒకటి, అరచెయ్యంతది, ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని, లోపలి లేత రంగు మాంసం కదులుతోంది.

"ఇది మీ గెడ్డ గుల్లే. నేను పన్నెండు తరాలు పెంచి మార్చాను" అన్నారు మేడమ్. "ప్రతి సముద్రపు పోటుకీ ఇది తన చిప్ప అంచున వెంట్రుకంత గీత ఒకటి వేసుకుంటుంది. ఆ పోటులో ఏ నీళ్ళు తాగిందో ఆ గీత రంగు చెబుతుంది. నీలిదీపం కింద చూస్తే మంచినీటి గీత పచ్చగా, విషం గీత ఎర్రగా కనబడుతుంది. దీనికి తీగ లేదు, బ్యాటరీ లేదు, రహస్య సంకేతం లేదు. ఒకసారి చిప్పలో పడ్డ గీతను దేవుడు కూడా చెరపలేడు."

దీపం వేసి చూపించారు. గుల్ల అంచు పొడవునా సన్నటి గీతలు, వరసగా, చీర అంచులా మెరిశాయి. మధ్యలో మేడమ్ కావాలని కలుషితం చేసిన పోటు ఒక్కటి ఎర్రగా ఉంది. చిన్నప్పుడు సున్నం బట్టీ కోసం గంపలకొద్దీ గుల్లలు ఏరినదాన్ని, నాకు ఒళ్ళు పులకరించింది. అయినా నా ఉద్యోగం నేను చెయ్యాలి కదా.

"మేడమ్, చేదు తగిలితే నోరు మూసుకోవడం గుల్ల బుద్ధి. మూసుకున్నంతసేపూ అది నీళ్ళు తాగదు, గీతా పడదు. అప్పుడెలా?"

మేడమ్ నావైపు చూసి నవ్వారు. ఆ నవ్వు నాకు పదేళ్ళుగా తెలుసు. "దాని భయం తీసేశాను రత్నం. ఈ జాతి మూసుకోవడం మరిచిపోయింది."

జాడీలో ఏదో ఘాటు ద్రవం నాలుగు చుక్కలు వేశారు. మామూలు గుల్లయితే ఠక్కున మూసుకునేది. ఇది నోరు తెరుచుకునే ఉంది. ఊరు నావైపు చూసింది. నేను చెయ్యెత్తాను. నా వెనక ఊరంతా చెయ్యెత్తింది.

ఆ నవ్వు గురించి చెప్పాలి. నేను ల్యాబులో చేరిన కొత్తలో 'లేదు' అనబోయి 'నేదు' అంటే చాలు, నా వెనక కిసుక్కుమనేవాళ్ళు. మేడమ్ ఒక్కరే నవ్వలేదు. నన్ను తన బల్ల పక్కన కూర్చోబెట్టుకుని, నీలిదీపం పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పారు. మధ్యాహ్నం తన డబ్బాలో సగం నా మూతలో పెట్టేవారు. "కొలిచేవాళ్ళకి ఒకటే మంత్రం, ఎవర్నైనా అనుమానించు, నన్ను కూడా" అనేవారు. ఆ మంత్రంలో మొదటి ముక్క బాగానే వంటబట్టింది నాకు. రెండో ముక్క ఆవిడ మీది ప్రేమ కొద్దీ వదిలేశాను.

తొలి రకం గుల్లలకి పెదవుల మీద రెండు చిన్న అయస్కాంతాలు అంటించేవాళ్ళం. గుల్ల మూసుకుంటే అవి దగ్గరపడి, తీగ చివరి బల్బు వెలిగేది. దాన్ని 'గడియ' అని పిలుచుకునేవాళ్ళం. ఊరికి పెట్టబోయే గుల్లకు గడియ ఎందుకు లేదని నేనడిగితే, "మూసుకోవడమే మరిచిపోయినదానికి కాపలా దేనికి? ఆ తీగ ఉప్పునీటికి తుప్పు పట్టి లేనిపోని గొడవ" అన్నారు మేడమ్. సబబుగానే తోచింది. తీసేసిన గడియలు నా సొరుగులో పడేశాను.

గొట్టం మూతి దగ్గర కాంక్రీటు గూడు కట్టి, ఇనుప బోనులో గుల్లను దించి, తాళం వేసి, తాళంచెవి దానమ్మ కొంగుకి కట్టాం. దాని కవల గుల్ల ఒకటి ల్యాబులోనే ఉంది. పోటూ పాటూ కల్పించే తొట్టిలో, మంచి ఉప్పునీటిలో పెరుగుతోంది. ఎవరైనా బోనులో గుల్లను మార్చేస్తే పోల్చి చూడటానికి అది.

నెలకోసారి దానమ్మ తాళం తీసేది, ల్యాబు వాళ్ళు వచ్చి గుల్లను పైకి లాగి దీపం వేసేవారు. పచ్చ. మళ్ళీ నెల పచ్చ. ఆ పై నెల కూడా పచ్చ. మొదట్లో ఊరు సంతోషించింది. కంపెనీ భయపడి బుద్ధి తెచ్చుకుందని అనుకున్నాం. అమ్మ ఊరి దేవత నూకాలమ్మకు కోడిని కూడా మొక్కుకుంది.

తరువాత గెడ్డలో మట్టగిడస చేపలు చచ్చి తేలాయి. ఆ తరువాత పీతలు ఒడ్డెక్కి చచ్చాయి. వర్షాకాలం దాటేసరికి ఎల్లాజి వలలో గవ్వ కూడా పడటం మానేసింది. మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి వల లాగేవాడు కదా, పిక్కల మీద బొబ్బలు లేచి, చితికి, తోలు ఊడింది. అమ్మ వేపాకు పసుపు నూరి పట్టు వేసేది. నేను సెలవుకి వెళ్ళినప్పుడల్లా వాడు ఆ కాళ్ళు నా ఎదురుగా చాపుకుని కూర్చునేవాడు. మా వైపు అక్కని అప్పా అని పిలుస్తారు.

"అప్పా, నీ గుల్ల ఏటి సెప్తంది?"

"పచ్చగానే ఉందిరా."

"మరి నా కాల్లు ఏటి సెప్తన్నాయి?"

వానాకాలం నీళ్ళలో ఉప్పు తగ్గిందనో, పై నుంచి వేరే ఏదో వస్తోందనో గొణిగాను. చదువుకున్నవాళ్ళం కదా, జవాబు లేనప్పుడు గొణగడం బాగా వచ్చు. వీధిలో నడుస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన చేతులు పని ఉన్నట్టు గోడ మీద పిడకలు సర్దుకునేవి. కంపెనీకి నేను అమ్ముడుపోయానని ఎవరూ మొహం మీద అనలేదు. అంటే బాగుండేది, తిట్టి ఏడ్చేదాన్ని.

ఏడాది పూర్తి కావస్తున్న రోజుల్లో ఒక ఆదివారం, అమ్మ పక్క ఊరి సంతనుంచి గుల్లలు తెచ్చింది. మా గెడ్డ గుల్లలు అప్పటికే మాయమయ్యాయి. దాకలో ఉడకేసి, ఒక్కొక్కటే తెడ్డుతో తిరగేస్తూ, నోరు తెరవనివి ఏరి గోడ అవతలికి విసురుతోంది. అది చిన్నప్పటినుంచి చూస్తున్నదే. ఉడికినా నోరిప్పని గుల్ల తినకూడదు, లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

నేను తెడ్డు వైపే చూస్తూ కూర్చుండిపోయాను. మేం నెలనెలా గీతల రంగు చూస్తున్నాం. గుల్ల నోరు మూసుకున్న పోటుకి గీతే పడదు, మరి ఎన్ని గీతలున్నాయో ఎవరమూ లెక్కపెట్టడం లేదు.

మర్నాడే ల్యాబుకి వెళ్ళి, కవల గుల్లను తీసి, బోనులో గుల్ల ఫొటో పక్కన పెట్టాను. రెండూ ఒకే రోజు పుట్టినవి, రెండిటిదీ ఒకే వయసు. కవల పెద్దగా, దిట్టంగా ఉంది. బోనులోది చిక్కి ఉంది. పోటుకో గీత లెక్కన రెండింటికీ సమానంగా ఉండాలి కదా. బోనుదానికి మూడో వంతు గీతలు తక్కువ. మధ్యలో ఖాళీ లేదు, మచ్చ లేదు. పచ్చ పక్కనే పచ్చ, ఏమీ జరగనట్టు.

సొరుగులోంచి పాత గడియ ఒకటి తీసి జేబులో వేసుకున్నాను. దానమ్మను బతిమాలి తాళం తీయించి, గుల్ల పెదవులకి అయస్కాంతాలు అంటించి, తీగ ఒడ్డుకి లాగాను. ఎల్లాజి, నేను గట్టు మీద తాటాకు నీడలో కూర్చున్నాం. గొట్టంలోంచి నీళ్ళు సన్నగా, తేటగా వస్తున్నాయి. కంపెనీ మధ్యాహ్నం సైరను మోగింది. కాసేపటికి గొట్టం దగ్గినట్టయి, నురగతో, ముక్కులదిరే వాసనతో నీళ్ళు దూకాయి. నా చేతిలో బల్బు వెలిగింది.

"ఏటప్పా అది?"

"నోరు మూసింది."

బల్బు పొద్దు వాలేదాకా ఆరలేదు. అప్పటికి ఆ నీళ్ళు సముద్రంలోకి పోయాయి, గొట్టం మళ్ళీ తేటబడింది, గుల్ల మెల్లగా నోరు తెరిచి ఇంకో పచ్చగీతకి సిద్ధమైంది. ఎల్లాజి ఆ నురగ నీళ్ళను ప్లాస్టిక్ డబ్బాలో పట్టి మూత బిగించాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఇదివరకు కంపెనీ తన విషాన్ని రోజంతా కొద్దికొద్దిగా వదిలేది. గెడ్డ ఎలాగో దిగమింగుకునేది. గుల్ల వచ్చాక నిల్వ చేసి, గుల్ల మూసుకునేంత ఘాటుగా, ఒక్కసారిగా వదలడం నేర్చుకుంది. గుల్ల పెట్టకపోయి ఉంటే గెడ్డ ఇంకొన్నాళ్ళు బతికేది, నా తమ్ముడి కాళ్ళు కాళ్ళలా ఉండేవి.

కానీ కంపెనీకి ఎవరు నేర్పారు? ఎంత ఘాటుకి మూసుకుంటుందో కచ్చితంగా తెలియకుండా ఆ పని చెయ్యలేరు. కొంచెం తగ్గితే ఎర్రగీత పడి దొరికిపోతారు. ఏడాదిలో ఒక్కసారి కూడా దొరకలేదు.

మేడమ్ గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ భోజనం డబ్బా విప్పుతున్నారు. అలవాటుగా మూత నావైపు జరిపారు. నేను ఆ మూతలో గడియ పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, డబ్బా మూసేశారు.

"ఎప్పటినుంచి తెలుసు మేడమ్?"

"పన్నెండో తరం నుంచే తెలుసు" అన్నారు, తడుముకోకుండా. "కొద్దిపాటి ఘాటుకి మూసుకోవు. ఘాటు బాగా పెరిగితే పాత బుద్ధి తిరిగొస్తోంది. ఇంకో నాలుగైదు తరాలు పెంచితే పోతుందనుకున్నాను. అప్పటికే మీ ఊరు పరికరం ఎంచుకునే రోజు వచ్చేసింది."

"నేను అడిగాను కదా. ఊరందరి ముందూ అడిగాను."

"అడిగావు. నిజం చెబితే మీ ఊరు దీన్ని ఎంచుకునేదా? ఎంచుకోకపోతే ఈ గుల్ల నేను రిటైరయ్యేదాకా గాజుతొట్టిలోనే పడుండేది. ముందు ఒక్కచోట ఏడాది నిలబడిందని కాగితం రానీ. తరువాత లోపం దిద్దుకుని దేశంలో వెయ్యి వాగుల్లో పెట్టొచ్చు. వెయ్యి వాగులు బతుకుతాయి. ఒక్క గెడ్డే కదా రత్నం."

ఒక్క గెడ్డే కదా. పదేళ్ళు నాకు సగం అన్నం పెట్టిన మనిషి ఆ మాట అన్నారు. కోపంగా అన్నా బాగుండేది, తప్పించుకోవడానికి అన్నా బాగుండేది. ఎంతో ఓపికగా, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు అన్నారు. నమ్మించి నట్టేట ముంచడమంటే కసితో చేసే పని అనుకునేదాన్ని. ఇంత ప్రశాంతంగా కూడా ముంచొచ్చని ఆవేళే తెలిసింది.

"కంపెనీకి ఎవరు చెప్పారు?"

"పరికరం ఏ హద్దుల్లో పని చేస్తుందో రాసిమ్మని అడిగారు. వాళ్ళ గొట్టం దగ్గరే కదా పెడుతున్నాం, అడగడం వాళ్ళ హక్కు. ఇచ్చాను. వాళ్ళు దాన్ని ఇలా వాడతారని నేను అనుకోలేదు."

"వాళ్ళు అడిగితే నిజం చెప్పారు. నేను అడిగితే అబద్ధం చెప్పారు."

మేడమ్ కిటికీ వైపు తిరిగారు.

"వచ్చే వారం విచారణలో చెప్పండి మేడమ్. గుల్ల మూసుకుంటుందని ఒక్క మాట చెప్పండి, చాలు. మీ నోటితో మీరు చెబితే నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు."

"చూద్దాం" అన్నారు. నేను ఆ ఒక్క మాట పట్టుకునే ఆ వారమంతా గడిపాను. ఇంకా ఆవిడ చెబుతారనే నమ్మాను. నాలాంటి వాళ్ళకి బుద్ధి రావాలంటే ఒక దెబ్బ చాలదు.

విచారణ కూడా అదే తుపాను షెల్టరులో. బల్ల వెనక అధికారి, చెమట తుడుచుకుంటూ. ఒక పక్క మేనేజరు, ఆయన పక్కన మేడమ్. ఎదురుగా ఊరు. ఎల్లాజి కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని ముందు కూర్చున్నాడు. బోనులోంచి తెచ్చిన గుల్లను బక్కెట్టు ఉప్పునీటిలో పెట్టారు. దీపం వేశారు. మొదటి గీత నుంచి చివరి గీత దాకా పచ్చదనం గోడ మీద పెద్దదిగా కనబడింది.

"ఈ పరికరాన్ని ఎంచుకున్నది ఊరే. పరీక్షించింది ఊరి మనిషే" అన్నాడు మేనేజరు. "ఇంక మేం చెప్పేదేముంది సార్?"

నేను లేచి కవల గుల్లను బల్ల మీద పెట్టాను. ల్యాబు నుంచి అడక్కుండా తెచ్చాను, దొంగతనమంటే దొంగతనమే. రెండింటినీ పక్కపక్కన దీపం కింద పెట్టి, గీతల వరసలు ఎక్కడ ఆగిపోయాయో చూపించాను. తక్కువైన పోటులన్నీ ఎక్కడికి పోయాయని అడిగాను. తరువాత ఎల్లాజి పట్టిన డబ్బా మూత తీసి గాజు జాడీలోకి వంచాను. ముందు వరసలో వాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

"అవి మా నీళ్ళని ఎవరు చెప్పారు?" మేనేజరు లేచి నిలబడ్డాడు. "ఎక్కడి కాలవలోంచి తెచ్చారో! మా గొట్టం నీళ్ళు మంచినీళ్ళతో సమానం."

"అదేటి బాబూ, అప్పుడే మరిసిపోనావా?" దానమ్మ నడుం మీద చేతులేసుకుని ముందుకొచ్చింది. "నీ నీల్లు కాపోతే ఎరగను గాని, నీ గొట్టం నీల్లే అయితే అవి మంచియే గదా. ఒకపాలి మొకం కడుక్కో. నీ మొకం బాగుంటే మేం ఇంటికెల్లిపోతాం."

మేనేజరు జాడీకి దగ్గరగా ఉన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వరస. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గుల్లను బక్కెట్టులోంచి తీసి జాడీలో వేశాను. ఏడాది పాటు తేట నీటికి మాత్రమే నోరు తెరిచి, మంచి పేరు తెచ్చుకున్న గుల్ల, అందరూ చూస్తుండగా పెదవులు బిగించింది. షెల్టరంతా ఆ చిన్న చప్పుడు విన్నది.

అధికారి ముందుకు వంగి చాలాసేపు చూశాడు. తరువాత మేడమ్ వైపు తిరిగాడు.

"డాక్టరుగారూ, మీరు చెప్పండి. ఇది మూసుకుంటుందా?"

ఆవిడ జాడీని చూశారు. నన్ను చూశారు. ఆ కళ్ళలో నేను వెతికింది కనబడబోయినట్టే అయింది. ఆవిడ బల్ల మీది కాగితాలు దగ్గరికి లాక్కున్నారు.

"ఆ నీళ్ళలో ఏముందో నాకు తెలియదు. నా నివేదికలో రాసిందే నా మాట."

అంతే. నాకు ఏడుపు రాలేదు. బల్ల అంచు పట్టుకున్నాను. ఆవిడ నేర్పిన చేతులతోనే పట్టుకున్నాను.

అధికారి మంచివాడే. గీతల లెక్క మళ్ళీ చూశాడు, గుల్లను మళ్ళీ ఉప్పునీటిలో వేయించి నోరు తెరవడం కూడా చూశాడు. చివరికి తీర్పు చదివాడు. ఈ పరికరం నమ్మదగినది కాదని తేలింది. కాబట్టి నీళ్ళు మంచివనీ చెప్పలేం, చెడ్డవనీ చెప్పలేం. కంపెనీకి శాశ్వత అనుమతి లేదు. ఊరు కొత్త పరికరాన్ని ఎంచుకోవాలి, దానితో మళ్ళీ ఏడాది చూడాలి. అప్పటిదాకా గొట్టం ఇప్పుడున్నట్టే నడుస్తుంది. చేపలు లేని గెడ్డకి ఇంకో ఏడాది పరీక్ష! మేనేజరు చిరాకుపడ్డాడు గానీ భయపడలేదు.

మెట్ల దగ్గర మేడమ్ నా భుజం మీద చెయ్యేశారు.

"కోపం తగ్గాక రా. నువ్వన్నట్టే కొత్త రకానికి గడియ పెడదాం. దానికి నీ పేరే పెడతాను."

ఆవిడ నిజంగానే అంటున్నారు. అదే నేను భరించలేకపోయాను. ఆ చేతిని తీసి, "మీరు చెప్పిన మంత్రం రెండో ముక్క ఇప్పుడు నేర్చుకున్నాను మేడమ్" అన్నాను. ఆవిడ కారు వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాను.

లోపల ఊరువాళ్ళు కొత్త పరికరం గురించి మాట్లాడుకుంటున్నారు. పట్నం నుంచి ఎవర్ని పిలవాలి, ఎవరు పరీక్షించాలి అని. నేను గుమ్మంలోకి రాగానే మాట ఆగింది. అమ్మ తల దించుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. దానమ్మ కొంగుకున్న తాళంచెవిని చేత్తో పట్టుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

నేను బల్ల దగ్గరికి వెళ్ళి గుల్ల ఉన్న బక్కెట్టు ఎత్తుకోబోయాను. దానికి రోజూ నీళ్ళు మార్చాలి, మేత వెయ్యాలి, ఆ గెడ్డలో వదిలితే ఇక బతకదు. ఎల్లాజి కుంటుకుంటూ వచ్చి బక్కెట్టు కాడ మీద చెయ్యేశాడు.

"ఇలగ ఇచ్చీ అప్పా. దీన్ని మేం సూసుకుంటాం."

"ఉప్పు ఎంత కలపాలో నీకు తెలదురా."

"తెలుసుకుంటాం." వాడు నా మొహం చూడలేదు. "నువ్వు మోసం సేసినావని నానట్లేదు. నిన్నూ మోసం సేసినారు. గాని ఈపాలి నువ్వొద్దప్పా. నువ్వు ఎవుల్ని నమ్ముతావో మాకు తెలదు."

చెయ్యి వదిలేశాను. వాడి స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. బక్కెట్టు బరువుకి వాడి గుడ్డల మీద తడి ఎర్రగా పాకుతోంది, అయినా సాయం పట్టబోతే పట్టనివ్వలేదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు కాబట్టి ఒకే దారిన నడిచాం. వాడు గుల్లతో ముందు, నేను ఖాళీ చేతులతో వెనక.